ముప్పై ఒకటో పేజీ

“నాలుగింటికల్లా ప్రూఫు చేరకపోతే వాళ్ళే వస్తారు అన్నయ్యా. ఈసారి బీరువాలు వెతకరు. నిన్నే తీసుకుపోతారు.”

ఈ మాట అంటున్నప్పుడు మా బాబాయి నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో చీపురు పుల్ల పట్టుకుని, బీరువా కిందనుంచి సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా బయటికి లాగుతున్నాడు. అంత పెద్దమాట అలా పడుకుని అంటుంటే నాకు నవ్వొచ్చింది. కానీ ఆరోజు మా ఇంట్లో నవ్వితే వీపు చిట్లేది, అందుకని నోరు మూసుకున్నాను.

ఐదు రోజులుగా మేమందరం నేలమీదే ఉన్నాం. ముందుగదిలో ప్రెస్సు, వెనక రెండు గదుల్లో కాపురం. గడిచిన శుక్రవారం వచ్చిన పోలీసులు నాన్న కొత్త పుస్తకం కాగితాలు మూటగట్టుకుని, పోతూ పోతూ అక్షరాలు దాచే గళ్ళపెట్టెలు, కేసులన్నీ బోర్లించి పోయారు. కొన్నివేల అక్షరాలు. బూటుకాళ్ళ కింద దొర్లి మంచాల కిందికి, నాన్నమ్మ చెప్పుల్లోకి, నీళ్ళ బకెట్లోకి కూడా చేరాయి. కాగితాలతోపాటు నాన్ననూ పట్టుకుపోయారు. నిన్న పొద్దున వదిలిపెట్టారు. కోటు పైగుండీ ఒక్కటి లేకుండా తిరిగొచ్చాడు. లోపల ఏం జరిగిందో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

వదిలిపెడుతూ ఒక షరతు పెట్టారు. ముప్పై ఒకటో పేజీలో ఉన్న పద్యం తీసెయ్యాలి. తీసేసిన చోట ఖాళీ మాత్రం ఉండకూడదు. ఖాళీ కనిపిస్తే ఇక్కడ ఏదో ఉండేదని జనం పసిగడతారట. అందుకని ఆ చోట ఏలినవారి సేనను మెచ్చుకుంటూ ఎనిమిది పాదాలు రాసి, నాన్న పేరుతోనే వెయ్యాలి. ప్రూఫు రెండు ప్రతులు ఈ సాయంత్రం నాలుగింటికల్లా తనిఖీ ఆఫీసులో ఇవ్వాలి. ఒక ప్రతి వాళ్ళు దాచుకుంటారు, ఇంకోటి ముద్ర కొట్టి మనకిస్తారు. ముద్ర పడ్డాక చుక్క మార్చినా నేరమే.

“వాళ్ళు పుస్తకమే వద్దంటే పోయేదిగా,” అంది నాన్నమ్మ.

“వద్దంటే వాళ్ళకేం లాభం?” అన్నాడు బాబాయి బీరువా కిందనుంచి. “అన్నయ్య పద్యాలు రేవులో మూటలు మోసేవాళ్ళ నోట్లో కూడా ఉన్నాయి. ఆ నోరే తమను మెచ్చుకోవాలని వాళ్ళ కోరిక.”

తీసెయ్యమన్న పద్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మా చిన్నబాబాయి ఏలినవారి సేనలో చేరి ఓడెక్కిన మర్నాడు నాన్న రాసింది.

*తమ్ముడు ఓడెక్కి వెళ్ళాడు, ఎవరికో స్వేచ్ఛ తెచ్చేందుకు.*
*తిరుగు ఓడలో ఒక పిడికెడు మాకూ తెస్తాడా?*

ఇంతే. దీనికి నాలుగు రోజులు లోపలుంచారు.

నాన్న కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాంబు పడితే గాజు ఎగరకుండా ఆ కిటికీలకు పాత ప్రూఫు కాగితాలు పట్టీలుగా కోసి అంటించాం. ఎండ వాటిలోంచి వచ్చి, ఆయన తెల్ల చొక్కా మీద ఎవరివో శుభలేఖల అక్షరాలు నీడగా పడేవి. ఒళ్ళో పలక, పలక మీద తెల్లకాగితం. పొద్దున ఎనిమిదికి పెట్టుకున్న కాగితం పదకొండైనా తెల్లగానే ఉంది.

“వింటున్నావా?” అన్నాడు బాబాయి.

“వింటున్నా.”

“మరి రాయవేం?”

“రావడం లేదు.”

“రాకపోవడం ఏంట్రా?” నాన్నమ్మ అందుకుంది. “పెళ్ళిళ్ళకి ఎన్ని పద్యాలు రాయలేదు నువ్వు? ఆ కట్టెల వ్యాపారి కొడుకు మొహం చూడకుండానే చంద్రుడన్నావు. తీరా వెళ్ళి చూస్తే వాడికి ముందుపళ్ళు నాలుగు లేవు. అప్పుడు రాని సిగ్గు ఇప్పుడెక్కడినుంచి ఊడిపడింది?”

“వాడు నా పళ్ళు ఊడగొట్టలేదు కదమ్మా.”

నాన్నమ్మకు ఆ మాట అర్థమైందో లేదో తెలియదు. మా అమ్మకు మాత్రం అయింది. గది మూల చాప మీద కూర్చుని, ఏరిన అక్షరాలను కేసుల్లో వాటి వాటి గళ్ళలోకి వేస్తోంది ఆమె. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఆడింది. మా అమ్మ ఆ ప్రెస్సులో ఇరవై ఏళ్ళు పనిచేసింది. అక్షరాన్ని చూడకుండా, వేళ్ళతో తడిమి గుర్తుపట్టేది. గొడవల్లో మాట్లాడేది కాదు.

బాబాయి లేచి బట్టలకంటిన దుమ్ము దులుపుకున్నాడు. మోచేతికి ఒక కామా అంటుకుని ఉంది.

“నేనొకటి అడుగుతాను, కోప్పడకు. చిన్నోడు ఎవరి చొక్కా తొడుక్కుని వెళ్ళాడు? వాళ్ళదే. ఎవరి తుపాకీ పట్టుకున్నాడు? వాళ్ళదే. ఆ సేన గెలవాలని నీకు లేదా?”

“ఎందుకు లేదు? నీకంటే ఎక్కువే ఉంది. అవతలవాళ్ళు గెలిస్తే పద్యాలు కాదు, మనుషులే మిగలరు. రెండేళ్ళ కిందటే ఆ మాట రాశాను. నువ్వే అచ్చేశావు.”

“అదే మళ్ళీ రాయమంటున్నా!”

“అప్పుడు నా అంతట నేను రాశాను. ఇప్పుడు మెడ మీద చెయ్యేసి రాయమంటున్నారు.” నాన్న గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచితే నాకు భయం ఉండేది కాదు. “స్వేచ్ఛ కోసమే యుద్ధమని గోడగోడకీ అంటించింది ఎవరు? వాళ్ళే. ఆ కాగితం నేను నమ్మానురా. నమ్మాను కాబట్టే, మాకెప్పుడని అడిగాను. వాళ్ళ మాట వాళ్ళకు చదివి వినిపించినందుకు కొట్టారు.”

కొట్టారు అన్న మాట ఆయన నోట రావడం అదే మొదలు. బాబాయి నాన్న కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు.

“అన్నయ్యా,” అన్నాడు మెల్లగా, “ఈసారి తీసుకుపోతే నువ్వు తిరిగి రావు. నాకు పద్యాలు తెలియవు. అదొక్కటి తెలుసు.”

నాన్న బాబాయి తలమీద చెయ్యి వేశాడు. ఇద్దరూ నలభై దాటిన మనుషులు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అమ్మ తల ఎత్తకుండానే అంది, “రాసెయ్యండి.”

అందరం అటు తిరిగాం.

“నువ్వా?” అన్నాడు నాన్న.

“ఎనిమిది పాదాలేగా. రాసి నా చేతికివ్వండి. మిగతాది నేను చూసుకుంటాను.”

“నువ్వు కూడా అదే అంటావనుకోలేదు.”

“మీరు ఇంట్లో ఉండాలి,” అంది అమ్మ. “నాకంతకంటే ఏం అక్కర్లేదు.”

నాన్న చాలాసేపు ఆమె వైపు చూశాడు. ఆమె మాత్రం అక్షరాల వైపే చూస్తోంది. ఆరోజు మా అమ్మ మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఊళ్ళో పిల్లలు నన్ను కవిగారమ్మాయి అంటుంటే ఎంత మురిసిపోయేదాన్నని! ఇక రేపటినుంచి ఏమంటారో అని కుమిలిపోయాను. పదకొండేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద బుద్ధి ఉంటుందా? ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల చెవి మెలెయ్యాలనిపిస్తుంది.

నాన్న ఎనిమిది పాదాలూ అరగంటలో రాసేశాడు. కాగితం అమ్మకిచ్చి, మా ఎవరి మొహమూ చూడకుండా వెనకగదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ప్రెస్సులో నాకిష్టమైన పని అమ్మకు అక్షరాలు అందించడం. కిరసనాయిలు, సిరా కలిసిన ఆ వాసన ఇప్పుడెక్కడా తగలదు. ఎప్పుడైనా ఏ పాత బీరువా తీసినప్పుడో తగిలినట్టనిపించి అలాగే నిలబడిపోతాను. నాకు చదువు నేర్పింది ఆ ముందుగదే. సీసంలో అక్షరం అద్దంలో చూసినట్టు ఎడంచెయ్యి వాటంగా ఉంటుంది. అలాగే నేర్చుకోబట్టి బళ్ళో మొదటిరోజు పలకమీద అన్నీ తిరగరాశాను. పంతులమ్మ నా వంక జాలిగా చూసింది. నాన్న మాత్రం ఆ పలకను వారంరోజులు చెరపనివ్వలేదు, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం అక్షరాలు అందిస్తూ మొహం ముడుచుకునే ఉన్నాను. అమ్మ పట్టించుకోలేదు.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. అన్ని అక్షరాలూ సమానంగా ఉండవు. కొన్ని గళ్ళ నిండా ఉంటాయి, కొన్ని పదికి మించి ఉండవు. నాన్న ఇప్పుడు రాసిన ఎనిమిది పాదాల్లో పదే పదే వచ్చే ‘స్వేచ్ఛ’ అన్న మాట కూర్చడానికి ఒక ఒత్తు ముక్క కావాలి. ఆ ముక్కలు మా ప్రెస్సు మొత్తానికి ఏడు. పోలీసులు కేసులు బోర్లించాక ఏడూ చెల్లాచెదురయ్యాయి. నాన్నమ్మ చెప్పులో ఒకటి, నీళ్ళ కుండ వెనక ఒకటి నాకే దొరికాయి. తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. “మా అమ్మే,” అంది, తల నిమిరింది.

మూడుంబావుకు అమ్మ పేజీ బిగించింది. సిరా రోలరు ఒకసారి నడిపి, చేతిప్రెస్సు మీద రెండు ప్రూఫులు తీసింది. బాబాయి అప్పటికే సైకిలు వాకిట్లో పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తడి ప్రూఫు అందుకుని చూసి, కనుబొమలు ముడిచాడు.

“వదినా, ఈ నల్లగుర్తులేంటి?”

“ఆ మాటకి ముక్కలు దొరకలేదు. మన అలవాటేగా, తిరగేసి పెట్టాను.”

మా ప్రెస్సు పద్ధతి అది. ఒక మాటలో ఒక్క ముక్క తక్కువైనా ఆ మాట మొత్తాన్ని వేరే అక్షరాలతో, తలలు కిందికీ పాదాలు పైకీ పెట్టి నింపేవాళ్ళం. అచ్చులో మాటకు బదులు నల్లటి చదరాలు పడతాయి. ఇక్కడ ఏదో తక్కువైందని దిద్దేవాళ్ళ కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాలని. ముక్క దొరికాక సరిచేసుకుంటాం.

“ఒక్కటీ దొరకలేదా?”

“ఒక్కటీ దొరకలేదు.”

నేను అమ్మ మొహంలోకి చూశాను. నోరు తెరవబోయాను. అమ్మ నా చేతికి నూనెగుడ్డ ఇచ్చి, “రోలరు తుడువు,” అంది.

“సరే, తర్జుమా ఆయనకు చెబుతాలే,” అని బాబాయి ప్రూఫులు మడిచి వెళ్ళిపోయాడు.

తర్జుమా ఆయన అంటే తనిఖీ ఆఫీసులో మన భాష చదవగలిగిన ఒకే ఒక్క మనిషి. నాన్నతోపాటు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చి, నాన్న కొత్త పద్యం చదువుతుంటే కళ్ళు తుడుచుకునేవాడు. నన్ను భుజాలమీద ఎక్కించుకుని రేవుదాకా తిప్పేవాడు. యుద్ధం వచ్చాక ఆ ఉద్యోగంలో చేరాడు. అప్పటినుంచి వీధిలో ఎదురుపడితే ఎటో చూసేవాడు.

నాలుగున్నరకు బాబాయి తిరిగొచ్చాడు. సైకిలు గోడకు ఆనించకుండానే వదిలేస్తే అది దబ్బున పడింది. చేతిలో ప్రూఫు. మీద ఎర్రటి గుండ్రటి ముద్ర.

“పడిందిగా!” అంది నాన్నమ్మ. “మరి ఆ ఏడుపు మొహమేంటి?”

“తర్జుమా ఆయన సీట్లో లేడు. ఆఫీసు పెద్ద దొరే ఉన్నాడు. ఆయనకు మన అక్షరం ముక్క రాదు. స్కేలు తీసుకుని పేజీ పైనుంచి కిందిదాకా కొలిచాడు. ఖాళీ లేదుగా అన్నాడు. లేదన్నాను. ఠపీమని కొట్టేశాడు.” బాబాయి చెమట తుడుచుకున్నాడు. “ఈ గుర్తులు ఇంకా సరిచెయ్యాలని చెప్పబోయాను. వినలేదు. ముద్ర పడింది, ఇక చుక్క మార్చినా జైలే అన్నాడు.”

మాటలు విని నాన్న వెనకగదిలోంచి వచ్చాడు. బాబాయి చేతిలోంచి ప్రూఫు తీసుకుని, వెలుగుకు పట్టుకుని పైకి చదివాడు. నల్లగుర్తు వచ్చిన చోటల్లా ఆగాడు.

“… కోసమే కదిలింది మన ఏలికల నౌక. … కోసమే పేలింది మన ఏలికల తుపాకి. … కోసమే పంపాం మన తల్లుల బిడ్డలను. … కోసమే మనం మౌనంగా ఉన్నాం.”

ఆ ఆగిన చోట ఎంత నిశ్శబ్దంగా ఉండేదో! మిగతా నాలుగు పాదాలు ఆయన చదవలేదు. కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత గొంతు విడింది. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటినా, నాన్న అనుకోగానే నాకు ముందు ఆ నవ్వే వినిపిస్తుంది.

“నేను రాసినప్పుడు ఇది వట్టి భజన,” అన్నాడు. “నా పద్యాన్ని ఇంత బాగా దిద్దినవాళ్ళు ఇంతవరకూ లేరు.”

“నవ్వుతావేంటి?” బాబాయి అరిచాడు. “ఇలాగే వేస్తే ఊరంతా ఆ గుర్తుల్లో ఏముందో చెప్పుకుంటారు. మారిస్తే చట్టం ఒప్పుకోదు. ఏం చెయ్యమంటావు నన్ను?”

“చట్టం ప్రకారమే చేద్దాం. చుక్క మార్చకుండా అచ్చేద్దాం.”

“వదినా, నువ్వైనా చెప్పు! పొరపాటున జరిగిందని ఇప్పుడే వెళ్ళి చెబుదాం. ముక్కలు దొరికితే చాలు, ఇంకో ప్రూఫు తీసి కాళ్ళమీద పడదాం.”

అమ్మ కేసులు సర్దుతూనే ఉంది. “దొరకలేదని చెప్పానుగా.”

నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. నాన్న నవ్వాడు కదా, ఆయనకు ఏదైనా చెయ్యాలనిపించింది. వెనకగదిలో మేకుకు ఆయన కోటు వేలాడుతోంది. పైగుండీ లేదు. నేను కుడతాను, నువ్వు నా కుట్టుపెట్టె జోలికి పోకు అని అమ్మ నిన్ననే అంది. ఆ మాట గుర్తుంది. అయినా గూట్లోంచి ఆ రేకుపెట్టె దించి, కోటు ఒళ్ళో వేసుకుని గడపమీద కూర్చున్నాను.

మూత తీశాను. సూదులు, దారపుండలు, రంగురంగుల గుండీలు. గుండీల మధ్య వేలికి చల్లగా ఏదో తగిలింది. తీసి చూశాను. సీసపు ముక్క. ఇంకోటి. మరోటి. లెక్కపెట్టాను. ఏడు.

తల ఎత్తేసరికి అమ్మ నా వైపే చూస్తోంది. కోపంగా కాదు. అంత భయంగా మా అమ్మ చూడగా నేనెప్పుడూ చూడలేదు.

పొద్దుటినుంచి ఆమె మీద పెంచుకున్న కోపమంతా ఏమైందో తెలియదు. పరిగెత్తుకెళ్ళి కావలించుకోవాలనిపించింది. కదిలేలోపే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

తర్జుమా ఆయన ఒక్కడే వచ్చాడు. చంకలో ఆఫీసులో దాచుకున్న రెండో ప్రూఫు.

“రా రా,” అన్నాడు నాన్న, పాత అలవాటు కొద్దీ.

“కూర్చోవడానికి రాలేదండీ.” ఆ ‘అండీ’ విని నాన్న మొహంలో మిగిలిన నవ్వు పోయింది. “నేను లేనప్పుడు ముద్ర పడింది. ఇప్పుడే చూశాను. రేపు పొద్దున దొరకు ఇది చదివి, అర్థం చెప్పడం నా ఉద్యోగం.”

“అక్షరాల కొరత అండీ,” బాబాయి చేతులు జోడించాడు. “పోలీసులు పారబోస్తే ఆ ముక్కలు పోయాయి. మా వదిన ఐదు రోజులుగా వెతుకుతోంది.”

“అది నిజమైతే అలాగే రాసిస్తాను. కొరత వల్ల జరిగింది, కావాలని చేసింది కాదు అని. దానిమీద నా సంతకం ఉంటుంది. అందుకని నా కళ్ళతో చూడాలి.” ఆయన అమ్మ వైపు తిరిగాడు. “ఒక్క ముక్క ఉన్నట్టు తేలినా, అమ్మా, పేజీ కూర్చినవాళ్ళనే తీసుకుపోతారు. ఈయనను కాదు.”

నాన్న దిగ్గున లేచాడు. “ఆవిడకేం సంబంధం? రాసింది నేను.”

“మీరు రాసినదాంట్లో తప్పేం లేదండీ,” అన్నాడాయన, గొంతు తగ్గించి.

అమ్మ పక్కకు జరిగి కేసులు చూపించింది. ఆయన వంగి గళ్ళన్నీ వేలితో కలియబెట్టి చూశాడు. బీరువా కింద చూశాడు. నాన్నమ్మను లేపి మంచం కింద చూశాడు. నేను రేకుపెట్టె మూత వేసి, దాని మీద కోటు పరిచి, సూదిలో దారం ఎక్కిస్తున్నాను. దారం ఎంతకీ ఎక్కడం లేదు.

ఆయన వచ్చి నా ముందు ఆగాడు. గొంతుక్కూర్చుని, నా చేతిలోంచి సూది తీసుకుని, ఒక్కసారికే దారం ఎక్కించి ఇచ్చాడు.

“ఎంత పెద్దదానివయ్యావే,” అన్నాడు. ఆ గొంతు నన్ను భుజాలమీద మోసిన నాటిదే. “నాన్న కోటా?”

తల ఊపాను.

ఆయన తన కోటు ముంజేతి వైపు చూసుకున్నాడు. అక్కడా ఒక గుండీ లేదు.

“నాదీ ఒకటి ఊడిందమ్మా,” అన్నాడు చెయ్యి చాపుతూ. “ఆ పెట్టె ఇలా ఇవ్వు. ఇలాంటిది ఉందేమో చూసుకుంటాను.”